తారురోడ్డు - తేమయు, దిమ్మిసయు

ఒక యూరికి ఒకే వేసవిలో రెండు తారురోడ్లు వేయబడిన వనుకొనుడు. రెంటికిని కంకర ఒకే కొండనుండి వచ్చినది. తారు ఒకే చోటినుండి తేబడినది. పని ముగిసిననాడు రెండును నల్లగా, నున్నగా, చూచుటకు ముచ్చటగా నుండెను. తొలకరి వానలు గడచి, కార్తికమాసపు ముసురులు గడచునప్పటికి మొదటి రోడ్డు చెక్కు చెదరక నిలిచినది. రెండవది గుంటలు పడి, కంకర లేచి, సైకిలు త్రొక్కువారిని క్రింద పడవేయుచున్నది. అప్పుడు జనులు "తారు తక్కువ పోసినారు" అందురు. అదియు నొక కారణము కావచ్చును. కాని పెక్కుచోట్ల అసలు కారణము తారు కొలతలో లేదు. రాళ్ల నడుమ మిగిలిపోయిన ఖాళీలలోను, ఆ ఖాళీలలో జొచ్చిన నీటిలోను ఉన్నది. ఈ విషయమునే మనమిక్కడ క్రమముగా విచారింతము.

1. రోడ్డులో నేమేమి యున్నవి?

మనము వాడుకగా "తారు" అనెడి నల్లని జిగురు పదార్థము నేడు రోడ్లయందు నిజమైన తారు కాదు. తారనునది రాతిబొగ్గును గాలి తగులకుండ కాల్చినప్పుడు దిగెడి పదార్థము. నేటి రోడ్లకు వాడునది ముడిచమురును శుద్ధిచేయగా అడుగున మిగిలెడి బిట్యుమెన్. అయినను జనుల నోట తారను పేరే నిలిచినందున, మనమును ఆ పేరే వాడుదము.

తారుకంకర మిశ్రమమును నూఱు వంతులుగా తూచినయెడల సుమారు 95 వంతులు రాయియే. పెద్ద కంకర, చిన్న కంకర, ఇసుకవంటి రాతిరవ్వ, మెత్తని రాతిపొడి యను నాలుగు తరగతులు అందులో గలవు. తారు సుమారు 5 వంతులు మాత్రమే. ఈ కొలది తారు ప్రతి రాతిని పలుచని పొరగా కప్పవలెను. ఆ పొర మందము మిల్లీమీటరులో నూఱవవంతునకు ఇంచుమించుగా నుండును. అనగా మన తలవెండ్రుకకంటెను పలుచన. బరువు మోయునది రాయి. రాళ్లను విడిపోకుండ పట్టియుంచునది తారు. ఆ పలుచని పొర ఊడినచో రోడ్డు మరల కంకరకుప్పయే.

రోడ్డునకు నీరు శత్రువను సంగతి క్రొత్తది కాదు. స్కాట్లండు దేశీయుడైన జాన్ మెకాడము (1756-1836) పొడిగా నున్న నేలయే రోడ్డు బరువును మోయుననియు, పై కంకర ఆ నేలను తడవనీయని కప్పువలె నుండవలెననియు బోధించెను. 1902లో ఇంగ్లండునందు ఎడ్గార్ హూలీ యను ఇంజనీరు తారును లోహపు చిట్టెముతో కలిపి రోడ్డువేయు విధమునకు పేటెంటు పొందెను. నాటినుండి జిగురు మారినది, యంత్రములు మారినవి. మెకాడము చెప్పిన సూత్రము మాత్రము మారలేదు.

2. ఖాళీల లెక్క

ఒక గాజుగ్లాసును ఒకే పరిమాణముగల చిన్న కంకరతో అంచువఱకు నింపుడు. గ్లాసు నిండినట్లే కనబడును. ఇప్పుడు కొలపాత్రతో మెల్లగా నీరు పోయుడు. గ్లాసులో పట్టు మొత్తములో ఇంచుమించు నూటికి 40 వంతుల నీరు లోనికి పోవును. నిండినదని మనమనుకొన్న గ్లాసులో అంత చోటు ఖాళీగా నున్నదన్నమాట. మరల గ్లాసును ఆరబెట్టి, కంకరతో ఇసుకను, రాతిపొడిని కలిపి, కుదిపి నింపి చూడుడు. ఈసారి పట్టు నీరు చాల తగ్గును. పెద్దరాళ్ల నడుమ చిన్నవి, చిన్నవాని నడుమ రవ్వ, రవ్వ నడుమ పొడి చేరుటయే దీనికి కారణము.

తారుకంకరలో మిగిలిన ఖాళీని ఇంజనీర్లు ఇట్లు కొలుతురు. వేసిన రోడ్డునుండి గుండ్రని ముక్కను యంత్రముతో కోసి తీయుదురు. అది గాలిలో 1150 గ్రాములు తూగినదనుకొనుడు. నీటిలో వ్రేలాడదీసి తూచినప్పుడు 650 గ్రాములే తూగినది. ఆర్కిమెడీసు సూత్రము చదివినవారికి మిగిలినది సులభము. తగ్గిన బరువు 500 గ్రాములు, కావున ముక్క ఘనపరిమాణము 500 ఘన సెంటీమీటర్లు, సాంద్రత 2.30. అదే మిశ్రమములో గాలి బొత్తిగా లేకున్నచో సాంద్రత 2.50 ఉండునని ప్రయోగశాలలో తేలినది. భేదము 0.20, దానిని 2.50 చేత భాగింపగా 0.08. అనగా నూటికి 8 వంతులు గాలి. తూచుచుండగా ముక్క నీరు త్రాగినయెడల, పైన తుడిచి మరల గాలిలో తూచి ఆ నీటిని లెక్కలోనికి తెత్తురు. అది త్రాగిన నీరే దాని లోపమునకు సాక్ష్యము.

ఈ 8 అను అంకెను గుర్తుంచుకొనుడు. సామాన్యమైన మిశ్రమములో ఖాళీలు నూటికి 8 వంతులకు లోబడియున్నప్పుడు అవి విడివిడి బుడగలవలె నుండి, నీటికి త్రోవ నీయవు. ఆ మేర దాటినకొలది ఒకదానితో నొకటి కలిసికొని సన్నని కాలువలగును. అప్పుడు వాననీరు పైనుండి అడుగువఱకు దిగును. ఖాళీలు నూటికి 7 వంతులు దాటిన తరువాత పెరిగిన ఒక్కొక్క వంతునకు రోడ్డు ఆయుర్దాయములో సుమారు పదవవంతు తగ్గునని 1989లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశీలన తెల్పినది. రోలరు మఱి నాలుగుమార్లు నడచిన పోవు ఖాళీకొఱకు రోడ్డు కొన్ని యేండ్ల బ్రతుకును పోగొట్టుకొనుచున్నది.

అట్లని ఖాళీ బొత్తిగా లేకుండుటయు మేలు కాదు. ఎండకు తారు వ్యాకోచించును. బండ్ల బరువునకు రాళ్లింకను కొంచెము సర్దుకొనును. నూటికి 3 వంతులకంటె తక్కువ ఖాళీ మిగిలినచో తారునకు చోటు చాలక పైకి ఉబికివచ్చును. చక్రముల జాడలు పల్లములగును. కావున కొన్నాళ్లు బండ్లు నడచిన పిమ్మట 4 వంతుల ఖాళీ మిగులునట్లు మిశ్రమమును కూర్చుట వాడుక.

3. మట్టికి నీరు మిత్రము

తారుపొర క్రింద కంకరపొర, దానిక్రింద మట్టికట్ట యుండును. మన ఇండ్లలో మట్టినేల వేయునప్పుడు పెద్దలేమి చేయుదురు? నీరు చల్లి, మట్టి పదునెక్కిన తరువాత దిమ్మిస కొట్టుదురు. ఎండుమట్టిపై ఎంత కొట్టినను దుమ్ము లేచునే కాని నేల గట్టిపడదు. బురదపై కొట్టిన దిమ్మిస దిగబడును.

అనుభవముచే తెలిసిన యీ సంగతిని అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు నీటిసరఫరాకై కట్టలు కట్టుచుండిన ప్రాక్టర్ అను ఇంజనీరు 1933లో శాస్త్రముగా నిరూపించెను. అతని పరీక్షలో మట్టిని మూడు పొరలుగా చిన్న అచ్చులో పోసి, ఒక్కొక్క పొరను నిర్ణీతమైన బరువుగల సుత్తితో 25 దెబ్బలు కొట్టుదురు. తేమను కొంచెము కొంచెముగా పెంచుచు ప్రతిసారియు సాంద్రతను లెక్కింతురు. మొదట తేమ పెరిగినకొలది మట్టి రేణువులు ఒకదానిపై నొకటి సులభముగా జారి దగ్గఱకు చేరును; సాంద్రత పెరుగును. ఒక మేర దాటిన పిమ్మట, మట్టి యుండవలసిన చోటును నీరే యాక్రమించును, నీరు అణగదు, సాంద్రత తగ్గును. ఆ శిఖరమునందలి తేమయే ఆ మట్టికి తగిన పదును. ఇసుకమట్టికిది తక్కువ, రేగడికి ఎక్కువ. రోడ్డుకట్ట వేయుచోట నీళ్లబండి ముందు నడచి, రోలరు వెనుక నడచుట యిందులకే.

4. తారుకంకరకు వేడి మిత్రము

పైపొర సంగతి వేఱు. ఇక్కడ రాళ్లు ఒకదానిపై నొకటి జారుటకు నీరు పనికిరాదు; వేడి కావలెను. వేరుసెనగ ఉండలు చుట్టుట చూచినవారికి ఇది చెప్పనక్కఱలేదు. బెల్లపు పాకము వేడిగా నున్నప్పుడు పప్పు చేతికి లొంగి ఉండ యగును. చల్లారిన పిమ్మట ఎంత నొక్కినను పొడిపొడిగా రాలిపోవును. తారుకంకరయు నట్టిదే.

మన దేశములో ఎక్కువగా వాడెడి తారుతో మిశ్రమమును సుమారు 150 మొదలు 165 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కలుపుదురు. రోడ్డుపై పఱచునప్పటికి 140 డిగ్రీలకు తగ్గరాదు. 90 డిగ్రీలకు దిగకముందే రోలరు పని ముగియవలెను. యంత్రము పఱచిన పొరలో మొదట నూటికి 15 మొదలు 20 వంతుల గాలి యుండును. ముందు 8 లేక 10 టన్నుల ఇనుపచక్రముల రోలరు దానిని అణచును. పిమ్మట రబ్బరుచక్రముల రోలరు పిండి పిసికినట్లు పిసికి ఖాళీలను మూయును. తుదకు తేలిక రోలరు చక్రపు గీతలను చెఱిపివేయును. అంచునుండి మొదలిడి నడుమకు, పల్లపు వైపునుండి మెరకకు నడుపవలెను.

ఈ పనిలో కాలమే ధనము. పొర పలుచనైనకొలది త్వరగా చల్లారును. మందము సగమైనచో పనికి దొరకు కాలము సగముకంటెను తగ్గును. గాలి విసరుచున్నను, క్రిందినేల చల్లగా నున్నను ఇంకను తగ్గును. లారీ దారిలో ఆలస్యమై, మిశ్రమము చల్లారి వచ్చినయెడల, రోలరు పదిమార్లు నడచినను రాళ్లు పగులునే కాని దగ్గఱకు చేరవు. చూచువారికి రోడ్డు నున్నగానే యుండును. వాన వచ్చిననాడు గుట్టు బయటపడును.

5. తేమ వచ్చు మూడు త్రోవలు

మొదటిది కంకరలోనే దాగియున్న తేమ. వానలో తడిసిన కుప్పనుండి తెచ్చిన కంకరలో నూటికి 5 వంతుల నీరున్నదనుకొనుడు. 1000 కిలోగ్రాముల కంకరలో 950 రాయి, 50 నీరు. రాయిని 30 డిగ్రీలనుండి 160 డిగ్రీలకు కాచుటకు కావలసిన వేడి యెంత? రాతి విశిష్టోష్ణము సుమారు 0.2. కనుక 950 x 0.2 x 130 = 24,700 కిలో కెలోరీలు. నీటిని 30 నుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 50 x 70 = 3,500; దానిని ఆవిరిచేయుటకు 50 x 540 = 27,000; మొత్తము 30,500 కిలో కెలోరీలు. చూచితిరా! ఏబది కిలోల నీరు తొమ్మిదివందల యేబది కిలోల రాయికంటె ఎక్కువ వేడిని మ్రింగినది. కంకరకుప్పపై కప్పు వేయుటకు ఖర్చు చేయనివారు ఆ ఖర్చును నూనె రూపమున పొగగొట్టములో పోయుచున్నారు. తొందరచే రాయిని సగము ఆరినంతనే తారు కలిపినచో, తారు రాతికి సరిగా నంటదు. లోపలి తేమ ఆవిరియై, రోలరు అణచుచుండగా పొరను లోనుండి త్రోయుచుండును.

రెండవది పఱచునప్పటి తేమ. తడినేలపై మిశ్రమమును పఱచరాదు. పాతపొరకును క్రొత్తపొరకును అతుకుగా ముందు చల్లెడి ద్రవము తారురేణువులు నీటిలో తేలుచుండునది. అది చల్లినప్పుడు గోధుమవన్నెగా నుండి, నీరు విడిపోయిన పిమ్మట నల్లనగును. వన్నె మారకముందే పైపొర వేసిన నీరు రెండుపొరల నడుమ చిక్కుకొనును. రోలరు చక్రములకు మిశ్రమ మంటకుండుటకు నీరు తడుపుదురు. అదియు తడి మాత్రమే, ధార కాదు.

మూడవది, అన్నిటికంటె ప్రమాదమైనది, పని ముగిసిన తరువాత ఖాళీలగుండ ప్రవేశించు వాననీరు. ప్రక్కకాలువ పూడిపోయినచో క్రిందినుండియు నీరెక్కును.

6. రాయి నీటినే కోరును

తడిసిన పలకపై చమురు పూయ ప్రయత్నింపుడు. అది జారునే కాని పట్టదు. పలుగురాయి, గ్రానైటువంటి సిలికా యెక్కువగల రాళ్లకు తారుకంటె నీటియందు మక్కువ మెండు. ఎక్కడనైన తారుపొర చిరిగి నీరు రాతిని తాకెనా, మెల్లగా తారు క్రింద ప్రాకి దానిని రాతినుండి విడదీయును. సున్నపురాయికి తారుతో పొత్తు మేలు. మన తెలుగునేలలో అనేకచోట్ల లభించునది గ్రానైటుజాతి రాయియే కావున ఈ సంగతి మనకు ముఖ్యము. రాతిపై బంకమట్టి దుమ్ము పేరుకొనియున్నచో తారు దుమ్మునకే యంటును. వానకు దుమ్ము కరగి తారు ఊడిపోవును.

దీనికి బండ్ల చక్రములు తోడగును. ఖాళీలలో నీరు నిండియుండగా లారీచక్రము పైకెక్కినప్పుడు ఆ నీరు ఒత్తిడిచే రాళ్ల సందులలోనికి దూయబడును. చక్రము దాటగానే మరల పైకి పీల్చబడును. చేతిపంపు కొట్టినట్లు దినమునకు వేలమార్లు ఇట్లు జరుగుచుండగా తారుపొర యెంతకాలము నిలుచును? తఱచుగా ఈ ఊడుట అడుగునుండి మొదలై పైకి వచ్చును. అందుచే పైన గుంట కనబడునప్పటికి లోపల రోగము ముదిరియుండును. వాన వెలిసిన కొన్నిదినములకును రోడ్డుపై ఒకచోట మాత్రము చెమ్మమరక యారకున్నచో అదియొక తొలిసూచన.

7. పరీక్షలు

రోడ్డు వేయకముందే మిశ్రమమును పరీక్షించు విధములు కలవు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు రోడ్లశాఖలో పనిచేసిన బ్రూస్ మార్షల్ 1939 ప్రాంతమున ఏర్పఱచిన పద్ధతి మన దేశమునను వాడుకలో నున్నది. అందు వేడి మిశ్రమమును గుండ్రని అచ్చులో పోసి, సుమారు నాలుగున్నర కిలోల సుత్తిని 457 మిల్లీమీటర్ల ఎత్తునుండి జారవిడుచుచు ఇరుప్రక్కల కొట్టుదురు. బరువైన బండ్లు నడచు రోడ్లకు ఒక్కొక్క ప్రక్క 75 దెబ్బలు. పిదప ఆ బిళ్ల యెంత బరువు నోర్చునో, ఎంత వంగునో, ఎంత ఖాళీ మిగిలినదో చూతురు.

తేమకు ప్రత్యేకమైన పరీక్ష యొకటి కలదు. సుమారు 7 వంతుల ఖాళీయుండునట్లు ఆఱు బిళ్లలు చేయుదురు. మూటిని పొడిగా నుంతురు. తక్కిన మూటి ఖాళీలలో నీరు నింపి, మంచుగా గడ్డకట్టించి, పిదప 60 డిగ్రీల నీటిలో ఒక దినము నానబెట్టుదురు. తరువాత అన్నిటిని ఒకే వేడిమిలో నొక్కి చీల్చుదురు. పొడిబిళ్లల బలములో నూటికి 80 వంతులైనను తడిబిళ్లలకు మిగిలియుండవలెను. లేనిచో ఆ రాయియు, ఆ తారును వానకు పనికిరాని జంట యని నిర్ణయింతురు.

8. నివారణములు

మొదటి మందు మన యింటిలోనిదే: సున్నము. నీటితో విరియించిన సున్నపు పొడిని కంకర బరువులో నూటికి 1 మొదలు 2 వంతులు కలిపినచో రాతిపైభాగపు స్వభావము మారి తారు గట్టిగా పట్టును. ఇట్టి పనిచేయు ద్రవౌషధములును నేడు కలవు. రెండవది, కంకరను కప్పుక్రింద నుంచి, ఎండి శుభ్రముగా నున్నదానినే వాడుట. మూడవది, వేడి తగ్గకముందే రోలరు పని ముగించి, అతుకులవద్దను, అంచులవద్దను మఱింత శ్రద్ధ వహించుట. ఖాళీలు ఎక్కువగా మిగులునవి ఆ చోటులే. నాల్గవది, రోడ్డు నడుమ ఎత్తును, ప్రక్కలకు వాలును, శుభ్రమైన కాలువలును ఉంచుట.

ఇందులో నాల్గవది ఇంజనీరుదే కాదు, మనదియును. ఇంటిముందు కాలువలో చెత్త వేయువాడును, ఇంటిలోనికి నీరు రాకుండ కాలువను మట్టితో పూడ్చి గట్టు వేసికొనువాడును రోడ్డును తన చేతులారా త్రవ్వుచున్నాడు. గుంట పూడ్చుటలోను ఇదే నియమము. నీరు నిండిన గుంటలో నాలుగు గంపలు తారుకంకర పోసి పారతో తట్టినంతమాత్రమున అది నిలువదు. నీరు తోడి, చెడినదంతయు తీసి, అంచులు తిన్నగా కోసి, ఆరనిచ్చి, తారు పూసి, వేడి మిశ్రమము నింపి, దిమ్మిస కొట్టవలెను.

మన కోస్తాజిల్లాలకు నైరృతి వానలు, ఈశాన్య వానలు రెండును కలవు, తుపానులును తప్పవు. కృష్ణా, గుంటూరు ప్రాంతముల నల్లరేగడి తడిసిన ఉబ్బి, ఎండిన పగులును. ఇట్టి నేలపై రోడ్డు నిలువవలెనన్న తేమను అదుపులో నుంచుట మఱింత యవసరము. గుంటలు పడిన రోడ్డు ధననష్టము మాత్రమే కాదు. ప్రసవవేదనతో ఆసుపత్రికి పోవు తల్లికి ఆలస్యమైన ప్రతి నిమిషమును, చీకటిలో సైకిలుపై వచ్చు కూలివానికి కనబడని ప్రతి గుంటయు ప్రాణముతో ముడిపడినవే.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఇంజనీర్లగుదురు. కొందఱు మేస్త్రీలు, కంట్రాక్టర్లు అగుదురు. పెక్కుమంది ఆ రోడ్లపై నడచు పౌరు లగుదురు. రోడ్డు పైభాగపు నునుపును ఎవరైనను చూడగలరు. లోపల మిగిలిన గాలి యెంతయో, రోలరు నడచునప్పటికి వేడి యెంత యుండెనో చూచువారు కొలదిమంది. అడుగువా రెవరును లేనప్పుడును ఆ వేడిని కొలిచి, ఆ నాలుగుమార్లు రోలరును నడిపించిన మనుష్యునివలననే రోడ్డు నిలుచును.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. రోడ్డునుండి తీసిన ముక్క గాలిలో 1200 గ్రాములు, నీటిలో 700 గ్రాములు తూగినది. గాలి లేని మిశ్రమపు సాంద్రత 2.50. ఖాళీ నూటికెన్ని వంతులు? ఆ రోడ్డు నీటిని లోనికి రానిచ్చునా?

2. 1000 కిలోగ్రాముల కంకరలో నీరు నూటికి 5 వంతులకు బదులు 3 వంతులే యున్నచో, ఆ నీటిని ఆర్పుటకు వ్యయమగు వేడిలో ఎంత మిగులును?

3. మట్టికట్టపై నీరు చల్లి రోలరు నడుపుదురు; తారుకంకర పఱచుచుండగా వాన వచ్చిన పని నిలుపుదురు. ఈ రెంటికిని కారణములు మీ మాటలలో వ్రాయుడు.